స్వామిసమ్మానము - సేవకోత్సాహము

గోదావరి తెలంగాణమునఁ బ్రవేశించు తావు కందకుర్తి. మంజీరయు హరిద్రయు అచ్చటనే గోదావరిలోఁ గలియుచున్నవి. ఆ సంగమమునకు దక్షిణమునఁ గొలఁది క్రోసుల దూరమున బోధను గలదు. బోధనునుండి ఆగ్నేయముగాఁ బోయినచో వేములవాడయు, దానికావల గంగాధరయు వచ్చును. పదవ శతాబ్దమున నీ నేలను వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులై యేలిరి. రాజ్యము చిన్నది, వాఙ్మయచరిత్రమున దాని స్థానము పెద్దది. పంపకవి కన్నడమున 'విక్రమార్జునవిజయము'ను, సోమదేవసూరి సంస్కృతమున 'యశస్తిలకము'ను ఈ రాజుల యాశ్రయముననే రచించిరి. పంపని సోదరుఁడు జినవల్లభుఁడు కుర్క్యాలయొద్ద బొమ్మలమ్మగుట్టపైఁ జెక్కించిన శాసనమందలి తెలుఁగు కందపద్యములు నన్నయకు నూఱేండ్ల పూర్వపువి.

ఈ వాఙ్మయమును భాషాచరిత్రముకొఱకును మతచరిత్రముకొఱకును పండితులు పలుమాఱులు శోధించిరి. దానియందు విడిగాఁ జర్చింపఁదగిన ప్రశ్న మఱియొకటి కలదు. పలువురచేఁ బని చేయింపవలసినవాఁడు వారి మనస్సులయం దుత్సాహము నెట్లు పుట్టింపఁగలఁడు? ధనముచేతనా, భయముచేతనా, గౌరవముచేతనా? ఈ ప్రశ్నకు సోమదేవుఁడు సూత్రరూపమునను, పంపఁడు పాత్రరూపమునను సమాధానము చెప్పిరి. అయిదువందల యేండ్ల పిమ్మట ఈ ప్రాంతమువాఁడే యైన కొఱవి గోపరాజు కథారూపమునఁ జెప్పెను. మూఁటిని గలిపి చదివినఁ గాని యే యొక్కదాని తాత్పర్యమును సరిగాఁ దెలియదు.

సోమదేవుని 'నీతివాక్యామృతము' ముప్పదిరెండు సముద్దేశములు గల సూత్రగ్రంథము. దీని జన్మస్థలమును గూర్చి వివాదము కలదు. వ్యాఖ్యాత యొకఁడు దీనిని కన్యాకుబ్జప్రభువగు మహేంద్రదేవుని ప్రేరణచే రచింపఁబడినదని చెప్పెను. కాని గ్రంథాంతప్రశస్తిలో సోమదేవుఁడు యశోధరచరిత్రమును తన పూర్వరచనలలోఁ జేర్చుకొనియున్నాఁడు. ఆ చరిత్రమే యశస్తిలకము. అది శక 881, అనఁగా క్రీ.శ. 959లో, అరికేసరి కుమారుఁడగు వద్యగరాజు నాశ్రయమున గంగాధరలో ముగిసినది. ఆ గంగాధరను పరిశోధకులు కరీంనగరమునకుఁ జేరువనున్న గ్రామముగా గుర్తించిరి. మఱి క్రీ.శ. 966 నాఁటి పరభణి తామ్రశాసనము, వేములవాడలోని శుభధామ జినాలయము నిమిత్తమై సోమదేవునకు మూఁడవ యరికేసరి యొక గ్రామము నిచ్చినట్లు తెల్పుచున్నది. యశస్తిలకమునకుఁ దరువాతి గ్రంథకర్త జీవితమంతయు నీ ప్రాంతముననే కానవచ్చుచుండఁగా, నీతివాక్యామృతమును సుదూరకన్యాకుబ్జమునకు అప్పగించుటకంటె ఈ నేలదిగా నెంచుటయే యుక్తతరము.

ఆ గ్రంథమందలి బలసముద్దేశము ప్రకృతాంశమునకు ముఖ్యము. అది సైన్యమును గూర్చిన ప్రకరణమే యైనను, అందలి విచారము జీతము తీసికొని పనిచేయు ప్రతిసమూహమునకును వర్తించును. ధనము మనుష్యులచే నంతగా యుద్ధము చేయింపదు. స్వామి చేయు సమ్మానమే చేయించునని యొక సూత్రముయొక్క భావము. నీతివాక్యామృతమును ఉదాహరింపఁ దలఁచువారికి ఇది మిక్కిలి యింపైన వాక్యము. దీని నొక్కదానినే పట్టుకొని, గౌరవమున్నచో జీతము కొఱవడినను భటుఁడు పనిచేయునని శాస్త్రకారుఁడు చెప్పినట్లు గ్రహించుటకు వీలున్నది. అట్టి గ్రహణము ప్రమాదకరము, శాస్త్రవిరుద్ధమును.

ఏలయన, ఆ సూత్రముచెంతనే సోమదేవుఁడు సేనకు విరక్తి కలుఁగుటకుఁ గారణము లయిదింటిని లెక్కించినాఁడు. ప్రభువు స్వయముగాఁ జూడకుండుట మొదటిది. ఈయవలసిన భాగమును హరించుట రెండవది. కాలయాపనము మూఁడవది. ఆపదలయందుఁ బ్రతీకారము చేయకుండుట నాలుగవది. విశేషసమయములందు సంభావింపకుండుట యైదవది. ఈ పట్టికను నిదానించి చూడవలెను. అయిదింటిలో రెండు వేతనమునకు సంబంధించినవి. హరించుట మాత్రమే కాక, ఆలస్యము చేయుటయు వేఱు దోషముగా నెన్నఁబడినది. సమ్మానము చివరి దొక్కటియే. అనఁగా, సమ్మానము ధనముకంటె మిన్న యనిన శాస్త్రకారుఁడే, ధనము సరిగా ముట్టనిచోట సమ్మానమునకుఁ దావు లేదని చెప్పినట్లయినది. పునాదికంటె శిఖరము మిన్నయని చెప్పుట పునాదిని త్రవ్వివేయుమనుట కాదు.

పట్టికయందు మొదటిస్థానము స్వయముగాఁ జూడకుండుట కిచ్చుటయు నాలోచింపఁదగినది. తాను చూడవలసిన సైన్యమును ఇతరులచేఁ జూపించు రాజు ధనమును సైన్యమును రెంటిని గోల్పోవునని సోమదేవుఁడు వెంటనే హెచ్చరించినాఁడు. ఆశ్రితులను భరించుటయందు ప్రతినిధి చెల్లఁడని యాతని మతము. ఇందలి తర్కము స్పష్టము. ఎవఁడు పనిచేసెనో, ఎవఁడు చేసినట్లు నటించెనో ప్రభువు కన్నులారఁ జూడనిచో తగినవానికి సమ్మానము చేరదు. తగనివానికిఁ జేరిన సమ్మానము తగినవానికి అవమానమగును. తారతమ్య మెఱుఁగని రాజుకొఱకుఁ బ్రాణము లిచ్చువాఁ డుండఁడనుటలో నాతని యభిప్రాయ మిదియే. కావున చూచుట, ఇచ్చుట, ఆదుకొనుట, గౌరవించుట అనునవి యొకదానిపై నొకటి నిలిచిన మెట్లు. మొదటి మెట్టు లేనిదే తుది మెట్టు లేదు.

ఈ పట్టికలో లేనిదేమో కూడఁ జూడవలెను. ఈ వంశమునకుఁ బూర్వుఁడగు యుద్ధమల్లుఁడు పోదనమున, అనఁగా బోధనున, తైలము నింపిన వాపిలో మదగజములకు అవగాహోత్సవము చేయించెనని పరభణి శాసనము కీర్తించుచున్నది. పంపఁడును దానిని వర్ణించినాఁడు. ఏనుఁగులను నూనెలో నోలలాడించు వైభవము చూచువారికి విస్మయము కలిగించి యుండును. కాని సేవకుల యుత్సాహమునకు హేతువులను విచారించు తావున సోమదేవుఁడు ప్రభువుయొక్క యాడంబరమును పేర్కొనలేదు. విస్మయము వేఱు, అనురాగము వేఱు.

కౌటిల్యుని యర్థశాస్త్రముతోఁ బోల్చినచో సోమదేవుని విశేషము మఱింత తేటపడును. యుద్ధమునకు ముందు రాజు సైన్యమును సమావేశపఱచి, తానును వారితోడి సమానవేతనుఁడనే యనియు, రాజ్యమును వారితోఁ గలిసి యనుభవింపవలసినవాఁడ ననియుఁ బలుకవలెనని పదవ యధికరణమునఁ గౌటిల్యుఁడు విధించెను. అది గొప్ప మాటయే. అయినను అది యుద్ధదినపు మాట. సోమదేవుని దృష్టి యుద్ధములేని దినములమీఁదను ఉన్నది. నిత్యము చూచి, కాలమున జీతమిచ్చి, ఆపదలో నాదుకొన్న ప్రభువునకు యుద్ధదినమున నుపన్యాస మవసరము లేదు. అట్లు చేయనివాని యుపన్యాసము ఫలింపదు. కాలమున వర్షింపని మేఘముతో నాశ్రితులను ఆదుకొనని ప్రభువును సోమదేవుఁడు పోల్చుట కిదియే కారణము. మేఘ మెంత గర్జించినను చేను పండదు.

శాస్త్రకారుఁడు ప్రభువు పక్షమునుండి చూచినదానిని పంపఁడు సేవకుని పక్షమునుండి చూచినాఁడు. పంపఁడు కేవలము కవి కాఁడు. రెండవ యరికేసరి కొలువున నాయుధము పట్టినవాఁడు. తన ప్రభువు నర్జునునితో నభేదముగాఁ జెప్పి 'విక్రమార్జునవిజయము' రచించి, ధర్మవురమను నగ్రహారమును బడసినాఁడు. ఆ దానమును కుర్క్యాల శాసనమును దెల్పుచున్నది. అర్జునుని బొగడుట కుద్దేశింపఁబడిన యా కావ్యమునఁ గవి హృదయము మాత్రము కర్ణునియందు నిలిచినది. భారతమున నెవ్వని నైనఁ దలఁపవలసినచోఁ గర్ణునే తలఁపుఁడని యాతఁడు కోరినాఁడు. ప్రభువును స్తుతింపవలసిన కవి, ప్రభువుకొఱకు నశించిన సేవకుని స్తుతించుట విచిత్రముగాఁ దోఁపవచ్చును. తానును సేవకుఁడే యగుటచే పంపఁడు కర్ణుని మనస్సు నెఱిఁగినాఁడనుకొనిన నందు విచిత్రము లేదు.

కృష్ణుఁడు రాజ్యమును జూపి కర్ణుని బిలిచినప్పుడు, పంపని కర్ణుఁడు అంగరాజ్యదానమునే స్మరించి యూరకుండఁడు. నెత్తమాడుతఱి భానుమతి ముత్యాలసరము తెగి ముత్యములు చెదరఁగా, దుర్యోధనుఁడు శంకింపక, వీనిని నే నేరవచ్చునా యని మాత్రమే యడిగిన నాఁటి నమ్మకమును స్మరించును. ఆ పద్యమున నెవరితో నెవ రాడిరను నన్వయమును గూర్చి కన్నడ విమర్శకులు చాలఁగ వాదించిరి. వాద మెట్లున్నను భావము నిస్సంశయము. రాజ్యము నిచ్చినవాఁడు రాజ్యమిచ్చువాని కింకొకనికి లోఁబడవచ్చును. కృష్ణుఁడు చూపినదియు రాజ్యమే కదా. కర్ణుని గట్టివేసినది నమ్మకము. సోమదేవుని సమ్మానసూత్రమునకు ఇంతకంటె సమర్థమైన యుదాహరణము లభింపదు.

కన్నడ వీరవాఙ్మయమున 'జోళదపాళి' యనుమాట కానవచ్చును. జొన్న తిన్న ఋణమును దీర్చు ధర్మమని దాని యర్థము. తెలుఁగువారు ఉప్పు తిన్న ఋణమనుట యిట్టిదే. జొన్నయే ముఖ్యధాన్యమైన నేలలయందు ఈ మాట పుట్టుటలో వింత లేదు. ఇందును గమనింపవలసిన క్రమ మొకటి యున్నది: ముందు జొన్న, పిదప ఋణము. పెట్టనివానికి ఋణపడువాఁడు లేఁడు.

అయినను కర్ణుని కథయం దొక లోపము, ఒక భయము కూడ నున్నవి. సమ్మానము చేసినవాఁడు అధర్మపరుఁడైనను సమ్మానము పనిచేయును. దుర్యోధనుని నమ్మకము కర్ణుని వీరునిగా నిలిపినది, అన్యాయపక్షముననే నిలిపినది. మనుష్యుల యుత్సాహమును బడయు విద్య మంచివానికిని చెడ్డవానికిని సమముగా నబ్బును. సోమదేవుని శాస్త్రమునను దీనికి మందు లేదు. ఈయవలసినది యీయని రాజును దండించువాఁ డెవ్వఁడును లేఁడని యాతఁడే యంగీకరించినాఁడు. సేవకునకు విరక్తుఁడగుట యొక్కటియే మిగిలిన దారి.

ఈ కొఱఁతను బూరించునది కొఱవి గోపరాజు 'సింహాసనద్వాత్రింశిక'. పదునైదవ శతాబ్దమువాఁడగు నీకవి నివాసమైన వేముగల్లు నేఁటి నిజామాబాదు జిల్లాలోని భీమగల్లని పండితుల యభిప్రాయము. విక్రమార్కుని సింహాసనము నెక్కఁబోవు భోజుని ప్రతిమలు ముప్పదిరెండును వరుసగా నడ్డగించి, విక్రమార్కుని సాహసౌదార్యములను జెప్పి, అట్టి గుణము కలదేని యెక్కుమనును. దీనిని కాలక్షేపపుఁ గథగా మాత్రమే చదువుట పరిపాటి. కాని కథాకల్పన నొకింత విచారింపవలెను. ఆ ప్రతిమలు సింహాసనమునకుఁ జెందినవి. ఎక్కువాని భారమును మోయువానితోడివి. మోయువారే యెక్కువాని యర్హతను బ్రశ్నించుచున్నారు. సోమదేవుఁడు సేవకున కీయని నోటిని కథకుఁడు ప్రతిమల కిచ్చినాఁడు.

ఈ కథాసంప్రదాయముననే మంచె వృత్తాంత మొకటి కలదు. సింహాసనము పూడియున్న దిబ్బపై మంచె నెక్కినప్పుడు చేనికాపు దాతయై అందఱను దినుఁడని పిలుచును. దిగఁగనే లోభియై మొఱపెట్టును. పీఠము మనుష్యున కించుకసేపు ఔదార్యము నీయఁగలదు. స్వభావము నీయఁజాలదని దీని భావము. అందుచేతనే ప్రతిమలు భోజుని పదవిని గాక గుణమును అడుగుచున్నవి. విక్రమార్కుఁడు చెప్పిన మాటల నవి యడుగవు. చేసిన పనులనే యడుగును.

ఈ విచారము రాజులతోఁ దీఱిపోవునది కాదు. మంజీరపై 1931లో నిజాంసాగరము పూర్తియయ్యెను. ఆ నీటితో బోధను ప్రాంతము చెఱకునేల యయ్యెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపఁబడెను. అది 2015 డిసెంబరులో మూఁతపడెను. ఆ యేఁటనే జూలైలో గోదావరీపుష్కరములు జరిగినవి. కందకుర్తి సంగమమును స్నానతీర్థములలో నొకటి. పుష్కరములయందు యాత్రికులకు నీరును అన్నమును అందించు స్వచ్ఛందసేవకునకు జీతములేదు. భక్తియు గౌరవమును వానిని నడపును. కాని వానికి అన్నము వేఱొక చోట నున్నది. కర్మాగారమున రేయింబవళ్లు నిలుచువానికి అన్న మచ్చటనే యున్నది. మొదటివానిని జూపి, గౌరవముతోనే పని జరుగునని రెండవవానికిఁ జెప్పుట సోమదేవుని సూత్రమును తలక్రిందుగాఁ జదువుట యగును.

కావున బలసముద్దేశమందలి సమ్మానసూత్రమును విడిగా నుదాహరించుట మానవలెను. విరక్తికారణముల యైదింటితోఁ జేర్చి చదివినప్పుడు అది శాస్త్రము; విడఁదీసినప్పుడు లోభికి సాకు. పంపని కర్ణుఁడు ఆ సూత్రముయొక్క బలమును జూపుచున్నాఁడు. గోపరాజు ప్రతిమలు దాని హద్దును జూపుచున్నవి. ఈ మూఁడు గ్రంథములును మూఁడు భాషలవి; మంజీరాగోదావరుల నడిమి నేలతోఁ బెనవేసికొన్నవి. వాని నేకముఖముగాఁ జదువుట కీప్రాంతపు సాహిత్యచరిత్రకారులు పూనుకొనవలసియున్నది.