లోడు బండికీ ఖాళీ బండికీ మధ్య

ధాన్యం బండిని రెండుసార్లు తూస్తారు. లోడుతో కాటా ఎక్కినప్పుడు ఒకసారి, బస్తాలు దించాక మరోసారి. ఆ తేడానే రైతు సరుకు. నెల్లూరు జిల్లా కొడవలూరు చుట్టుపక్కల కాలువ కింది మాగాణుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతలు పడితే మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. రెండు తూకాల మధ్య గంట పట్టొచ్చు, హమాలీలు అన్నానికి వెళ్తే రెండు గంటలైనా పట్టొచ్చు. మా వైపు లెక్క పుట్టిల్లో. పుట్టి అంటే 850 కిలోలు. మొదటి తూకం గల్లంతైతే ఏమవుతుందో రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను చూసేది ఇలాంటి కాటా గదుల్లోని ప్రోగ్రాములనే. తూకం మిషను అంకెను కంప్యూటరుకి పంపుతుంది. అక్కడున్న డెస్క్‌టాప్ ప్రోగ్రాము దాన్ని అందుకుని ఎక్కడో సర్వర్‌లో నడిచే వెబ్ అప్లికేషన్‌కి చేరవేస్తుంది. ఈ రెండింటి మధ్య మాటల్ని మోసే హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఒక పిలుపుకి జవాబిచ్చాక రెండో పిలుపు ఎవరిదో దానికి తెలియదు. అందుకే సర్వర్ మొదటిసారి కుకీలో ఒక నంబరు ఇస్తుంది, ప్రతిసారీ దాన్ని తిరిగి చూపించాలి. బ్రౌజర్ అయితే ఆ పని తనంతట తనే చేసుకుపోతుంది. మన ప్రోగ్రాములో ఆ బాధ్యత రాసేవాడిది. పాత డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీవెబ్‌రిక్వెస్ట్‌కి కుకీకంటైనర్‌ను మనమే తగిలించాలి, లేకపోతే కుకీలు నేలపాలే. పిలుపు పిలుపుకీ కొత్త కంటైనర్ పెట్టినా అంతే సంగతులు. పైథాన్ రిక్వెస్ట్స్‌లో విడివిడిగా గెట్ పిలిస్తే ఏదీ గుర్తుండదు. సెషన్ అనే వస్తువును తయారుచేసి దాని ద్వారానే పిలవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు.

చిక్కంతా ఆ తర్వాత ఉంది. ఒక మిల్లు కాటా దగ్గర పనిచేసే కుర్రాడు ఓ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, లోడు తూకం కొట్టినా. బండి దించుకోని వచ్చినారు. ఇప్పుడు చూస్తే ఆ బండే లేదంటా ఉండాది." వెళ్లి చూస్తే కుకీ సక్రమంగానే వెళ్తోంది, నంబరూ మారలేదు, లాగిన్ కూడా చెల్లుతోంది. తెర మీద మాత్రం ఆ బండి వివరాలన్నీ ఖాళీ. ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో, మనం మార్చకపోతే, 20 నిమిషాలు ఏ పిలుపూ రాని సెషన్‌ను, అంటే ఆ నంబరు పేరున తాను గుర్తుంచుకున్న వివరాలను, సర్వర్ తీసేస్తుంది. తర్వాత అదే నంబరుతో వస్తే కాదనదు. ఆ నంబరు మీదే ఖాళీ సెషన్ ఒకటి తెరిచి ఇస్తుంది. క్లయింట్‌కి ఎక్కడా తప్పు కనబడదు. మొదటి తూకాన్ని సెషన్‌లోనే దాచారు కాబట్టి దానితోపాటే పోయింది. ఆ రైతు చేతిలో చీటీ ఉంది గనక సరిపోయింది.

గడువును మూడు గంటలకు పెంచితే పోతుందని కొందరంటారు. పోదు. సెషన్లు సర్వర్ ప్రోగ్రాము మెమరీలోనే ఉంటే, ఆ ప్రోగ్రాము తిరిగి మొదలైనప్పుడల్లా అన్నీ చెరిగిపోతాయి. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ అయితే మామూలుగా 1740 నిమిషాలకోసారి, అంటే 29 గంటలకోసారి ఆ పని చేస్తుంది. అది ఏ బండి కాటా మీదున్నప్పుడు వస్తుందో చెప్పలేం. అయిదేసి నిమిషాలకు ఊరికే ఒక పిలుపు పంపి సెషన్‌ను బతికించే పద్ధతీ నాకు నచ్చదు. తలుపు తీసి ఉన్న కాటా గదిలో, కుర్చీలో మనిషి లేకుండా, లాగిన్ అయిన కంప్యూటరు సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. గడువు పెట్టింది దాన్ని ఆపడానికే కదా!

కుకీ పుట్టింది కూడా సరిగ్గా ఇలాంటి చిక్కులోంచే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ కోసం ఆన్‌లైన్ దుకాణం తయారుచేస్తోంది. సగం జరిగిన కొనుగోళ్లను తమ సర్వర్లలో మోయడం ఎంసీఐకి ఇష్టం లేదు. వాటిని కొనేవాళ్ల కంప్యూటర్‌లోనే ఉంచే దారి చూడమంటే నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి ఈ పద్ధతి కనిపెట్టాడు. సగం పని సర్వర్ జ్ఞాపకంలో ఉండకూడదన్నది మొదటి రోజు నుంచీ ఉన్న మాటే. సెషన్‌లో ఉండాల్సింది కాటా దగ్గర కూర్చున్నది ఎవరన్నదే. బండి, రైతు, మొదటి తూకం అందులో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

బండి కాటా ఎక్కగానే డెస్క్‌టాప్ ప్రోగ్రామే దానికి మరెక్కడా రాని చీటీ నంబరు పుట్టించాలి. తూకాన్ని ముందు అక్కడి డిస్కులో రాసుకుని, ఆ నంబరుతో సర్వర్ డేటాబేస్‌కి పంపాలి. నెట్ మధ్యలో తెగి జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్లీ పంపాలి. సర్వర్ దాన్ని ముందే చూసి ఉంటే రెండో బండిగా రాసుకోకుండా పాత జవాబే ఇవ్వాలి. కరెంటు పోయినా, సెషన్ పోయినా, మళ్లీ లాగిన్ అయి నంబరు కొడితే బండి దొరుకుతుంది.

సెషన్ పోయిందని తెలుసుకోవడంలోనూ ఒక మోసం ఉంది. బ్రౌజర్ల కోసం కట్టిన వెబ్ అప్లికేషన్ గడువు దాటితే తప్పని చెప్పదు, లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. మన ప్రోగ్రాము ఆ మళ్లింపు వెంట వెళ్లి, పేజీ తెచ్చుకుని, అంతా సవ్యమనే 200 జవాబు వచ్చింది కదా అని 'తూకం నమోదైంది' అని చూపిస్తుంది. నిజానికి అందుకున్నది పేరూ పాస్‌వర్డూ అడిగే గళ్లు. క్లయింట్ పిలుపులకు మళ్లింపు లేకుండా, లాగిన్ చెల్లదని చెప్పే 401 ఇమ్మని సర్వర్ రాసేవాళ్లతో పోట్లాడైనా ఒప్పించాలి. జవాబులో తన చీటీ నంబరు కనబడితేనే తూకం చేరిందని ప్రోగ్రాము నమ్మాలి.

షిఫ్టు మారేటప్పుడు దీనికి తిరగబడ్డ కథ. కొత్త హెచ్‌టీటీపీక్లయింట్ అడక్కుండానే కుకీలు దాచుకుంటుంది. పగటి మనిషి తెర మూసి వెళ్తే ప్రోగ్రాము లోపల ఆయన కుకీ అలాగే ఉంటుంది, రాత్రి తూకాలు ఆయన పేరున పడతాయి. లాగౌట్ నొక్కగానే సర్వర్‌లో సెషన్ మూయించి, పాత కంటైనర్‌ను తీసేసి, వచ్చే మనిషికి కొత్తది పెట్టాలి.