రోషన్ గుహ బయట గెలిచే ఆట

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటితే బెంగళూరు మారతహళ్ళి వంతెన దగ్గర బ్యాగులతో జనం నిలబడి ఉంటారు. ఊళ్ళకు పోయే బస్సుల కోసం ఎదురుచూపు. ఊరికి పోనివాళ్ళు పీజీ గదుల్లో మిగిలిపోతారు. అలాంటి ఒక పీజీలో నేను రెండేళ్ళు ఉన్నాను. పక్క మంచం మీద హెడ్‌సెట్ పెట్టుకున్న కుర్రాడి నోట మొదటిసారి ఈ మాటలు విన్నాను: "మామా, రోష్‌కి ఇంకో నిమిషం. పైన లేన్ తోసెయ్. వార్డ్ ఎవరి దగ్గరుంది?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏదో కొట్టుకునే ఆట అనుకున్నాను. ఐదో మనిషి దొరకని రోజుల్లో వాళ్ళు నన్ను కూర్చోబెట్టి నేర్పాక తెలిసింది, ఆ నిమిషంలో కొట్టుకోవడం చాలా తక్కువని. ఎదురుచూడడం, చోటు పట్టుకోవడం, ఒకరి కోసం ఒకరు తగ్గడం, అసలు ఆటంతా అందులోనే ఉంది. పిల్లలు ఈ ఆటలు ఆడుతుంటే తలుపు దగ్గర నిలబడి కంగారు పడే పెద్దలకు కూడా ఆ నిమిషంలో ఏం జరుగుతుందో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఎవరి పక్షమూ కాని రాక్షసుడు

ఆట పేరు డోటా 2. వార్‌క్రాఫ్ట్ 3 అనే పాత ఆటను అభిమానులు మార్చుకుని ఆడుకున్న రూపం దీనికి మూలం. వాల్వ్ సంస్థ దీన్ని 2013లో విడుదల చేసింది. జట్టుకు ఐదుగురు. మైదానానికి రెండు మూలల్లో రెండు కోటలు, వాటిని కలుపుతూ లేన్లు అనే మూడు దారులు. ప్రతి 30 సెకన్లకూ రెండు కోటల నుంచీ క్రీప్‌లనే చిన్న సైనికులు ఆ దారుల వెంట నడిచివస్తారు. దారి పొడవునా కాపలా బురుజులు. ఎదుటి కోట నడిబొడ్డున ఉన్న ఏన్షియంట్‌ను కూల్చిన జట్టుది గెలుపు.

రోషన్ అనే రాక్షసుడు, మావాళ్ళ నోట రోష్, ఈ రెండు పక్షాల్లో దేనికీ చెందడు. తన గుహలో ఉంటాడు, దగ్గరికి వచ్చినవాళ్ళను కొడతాడు. అతన్ని చంపితే ఏజిస్ దొరుకుతుంది. అది పట్టుకున్న వీరుడు చనిపోతే ఐదు సెకన్లకు అదే చోట నిండు బలంతో లేస్తాడు. ఐదు నిమిషాల్లోపు వాడుకోకపోతే ఏజిస్ మాయమైపోతుంది. ఇద్దరూ కోరుకునేది, ఒక్కరికే దక్కేది కాబట్టి రెండు జట్లనూ ఒకే చోటికి లాగుతుంది.

ఈ కుటుంబంలోని మిగతా ఆటల్లోనూ ఇలాంటి పెద్ద లక్ష్యం ఒకటి ఉంటుంది. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో బ్యారన్, డ్రాగన్లు. ఫోన్లో ఆడే మొబైల్ లెజెండ్స్‌లో లార్డ్. 2020 జూన్‌లో మన దేశంలో 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఆ ఆట కూడా పోయింది. పేర్లు వేరైనా వాటి చుట్టూ జట్టు చేయాల్సిన పని దాదాపు ఒక్కటే.

గడియారం పట్టుకున్నవాడు

మొదటి పని లెక్క. చచ్చిన రోషన్ మళ్ళీ 8 నుంచి 11 నిమిషాల మధ్య ఎప్పుడైనా పుడతాడు. 22వ నిమిషంలో చచ్చాడనుకుందాం. ఎదుటి జట్టుకు దొరికిన ఏజిస్ 27కి ఆరిపోతుంది. అప్పటిదాకా వాళ్ళతో పెద్ద గొడవ పెట్టుకోకూడదు. కొత్త రోషన్ 30కి ముందు రాడు, 33 దాటి ఆగడు. రోషన్ పడగానే ఆ సమయాన్ని చాట్‌లో రాసిపెట్టే అలవాటు ఉన్న జట్టు మిగతావాళ్ళ కంటే ముందే ఆ మూడు నిమిషాలకు సిద్ధమవుతుంది.

రెండో పని లేన్లు తోయడం. గుహ వైపు నడిచే ముందు వీలైనన్ని దారుల్లో మన క్రీప్‌లు ఎదుటివాళ్ళ బురుజుల దాకా వెళ్ళేలా చేయాలి. బురుజు కాపాడుకోవాలంటే వాళ్ళలో ఎవరో ఒకరు అక్కడికి రాక తప్పదు. వచ్చినవాడు మైదానాన్ని చిన్నగా చూపే మన మినీమ్యాప్‌లో కనబడతాడు. కింద దారిలో ఇద్దరు కనబడితే గుహ దగ్గరికి రాగలిగింది ముగ్గురే. లేన్లు తోయకుండా గుహలోకి దూరితే ఐదుగురూ ఎక్కడున్నారో తెలియని చీకట్లో రాక్షసుడితో కుస్తీ పట్టినట్టే.

వెలుగు పెట్టేవాడు

మూడో పని చూపు. ఈ మైదానంలో మన మనుషులకూ మన బురుజులకూ కనబడేంత మేరే మనకు కనబడుతుంది. మిగతాదంతా చీకటి. అబ్జర్వర్ వార్డ్ పాతితే దాని చుట్టూ 6 నిమిషాలు వెలుగు. అది ఎదుటివాళ్ళ కంటికి కనబడదు. దాన్ని పట్టుకోవడానికి సెంట్రీ అనే ఇంకో వార్డ్ ఉంది. వాళ్ళ వార్డులు వెతికి పీకడం, మనవి కాపాడుకోవడం, గుహకు వచ్చే దారుల్లో కనీసం రెండింటికైనా కన్ను పెట్టడం సపోర్ట్ ఆడేవాళ్ళ పని. స్మోక్ అనే వస్తువు వాడితే జట్టంతా కాసేపు ఆ వార్డుల కంటికి కూడా చిక్కకుండా నడవొచ్చు, శత్రువుకు మరీ దగ్గరికి వెళ్తే తప్ప.

సపోర్ట్ దగ్గర జట్టులో అందరికంటే తక్కువ డబ్బు ఉంటుంది. ఉన్న కాస్త డబ్బులో సెంట్రీలూ స్మోక్‌లూ తనే కొనాలి. చీకట్లోకి ముందు తనే నడవాలి, ఎక్కువసార్లు తనే చావాలి. ఆట అయ్యాక ఎవరు ఎంతమందిని చంపారో పట్టికలో చూసేవాళ్ళకు ఇతని పని సులువుగా కనబడదు. కానీ గుహ దగ్గర తగాదా మొదలయ్యేసరికి ఎవరు ఎవర్ని ముందు చూశారన్న ప్రశ్నకు జవాబు ఒక నిమిషం క్రితమే ఇతను రాసేసి ఉంటాడు.

ఇరుకులో నిలబడడం

గుహ ఇరుకు. ఐదుగురూ లోపలికి దూరితే రోషన్ త్వరగానే చస్తాడు గానీ, ఎదుటి జట్టులో ఒక్క పెద్ద దెబ్బ ఉన్నవాడు చాలు, అందరూ కలిసి పోతారు. అందుకే అనుభవమున్న జట్టు పని పంచుకుంటుంది. ఒకరిద్దరు లోపల కొడతారు. దెబ్బలు ఓర్చుకోగలిగినవాడు ముందుంటాడు. మిగతావాళ్ళు బయట, ఎదుటివాళ్ళు వచ్చే దారిలో నిలబడతారు. ఏజిస్ ఎవరు తీసుకోవాలో లోపలికి వెళ్ళకముందే తేల్చుకుంటారు.

ఈ పాఠాన్ని ప్రపంచమంతా ఒకేసారి చూసిన రోజు 2015 ఆగస్టు 8. సియాటిల్‌లో డోటా ప్రపంచ పోటీ ఫైనల్, నాలుగో ఆట. చైనా జట్టు సీడెక్ రోషన్ గుహ వైపు వెళ్ళింది. ఈవిల్ జీనియసెస్ కెప్టెన్ పీటర్ డేగర్ వదిలిన ఐస్ బ్లాస్ట్ వాళ్ళ మీద పడింది. అది తగిలినవాళ్ళు కాసేపు కోలుకోలేరు. వెంటనే అదే జట్టులోని భారత సంతతి ఆటగాడు సాహిల్ అరోరా తన వీరుడు ఎర్త్‌షేకర్‌తో వాళ్ళ మధ్యలోకి దూకి ఎకో స్లామ్ కొట్టాడు. చుట్టూ ఎంతమంది గుమిగూడితే అంత ఎక్కువ దెబ్బ తగిలే అస్త్రమది. ఇరుకు చోట దగ్గరదగ్గరగా ఉన్న జట్టు కుప్పకూలింది. ఆట, పోటీ, 66 లక్షల డాలర్లకు పైగా బహుమతి ఈవిల్ జీనియసెస్‌కు వెళ్ళాయి. ఆటగాళ్ళు దాన్ని ఈనాటికీ అరవై లక్షల డాలర్ల ఎకో స్లామ్ అంటారు. అరోరా వేలి వేగం అద్భుతమే. దానికి అవకాశం ఇచ్చింది మాత్రం గుహ దగ్గర వాళ్ళు గుమిగూడిన తీరు.

వదిలేద్దాం

నాకు నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది "వదిలేద్దాం" అన్న ఈ మాటే. గుహ దగ్గర వార్డులో ఎదుటివాళ్ళు ఐదుగురూ కనబడతారు. మనవాడు ఒకడు చచ్చి ఉంటాడు. డబ్బిచ్చి వెంటనే బతికించే బైబ్యాక్ అప్పుడే వాడేసి ఉంటాడు, మళ్ళీ 8 నిమిషాల దాకా దొరకదు. అప్పుడు రోషన్ కోసం వెళ్ళడం ధైర్యం కాదు. వాళ్ళు ఐదుగురూ గుహలో ఉన్నారంటే మైదానం అవతలి అంచు ఖాళీగా ఉన్నట్టు. అక్కడికెళ్ళి బురుజు కూల్చి, ఏజిస్ ఆరిపోయే దాకా ఐదు నిమిషాలు జాగ్రత్తగా ఉంటే పోయినదాంట్లో సగం తిరిగొస్తుంది. వట్టి చేతులతో వెనక్కి రాకూడదన్నదే నియమం.

అలా వెనక్కి తిరగాలంటే ఐదుగురూ ఒకేసారి తిరగాలి. నలుగురు తిరిగి ఒకడు ముందుకెళ్తే వాడు చస్తాడు, వాడి కోసం మిగతావాళ్ళూ పోతారు. అందుకే ఒక్క గొంతే నిర్ణయం చెప్పాలి. మిగతా నలుగురూ తమకు కనబడింది మాత్రమే చెప్పాలి: "కింద ఇద్దరు", "నా పెద్ద అస్త్రానికి ఇరవై సెకన్లు", "నాకు బైబ్యాక్ లేదు." మా జట్టులో ఇద్దరం తెలుగువాళ్ళం, ఒక కన్నడ అబ్బాయి, ఒక తమిళ అబ్బాయి, ఒక బిహారీ. ఆ ఐదుగురికీ కలిపి ఒక ముప్పై మాటలు కుదిరాయి. ఒక్కో మాట ఒక్కో భాషది. బెంగళూరు ఆఫీసుల్లో మీటింగులు గంటలు సాగుతాయి గానీ, ఆ ముప్పై మాటలతో మేము తీసుకున్నన్ని నిర్ణయాలు నేను ఏ మీటింగులోనూ చూడలేదు.

పులీ మేకా నేర్పినదే

ఇదంతా మనకు కొత్తది కాదు. రచ్చబండల మీద, గుళ్ళ అరుగుల మీద గీసి ఆడిన పులిజూదం గుర్తు తెచ్చుకోండి. 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. మేక ఎవర్నీ చంపలేదు. వెనక చుక్క ఖాళీగా ఉన్న మేక మీది నుంచి పులి దూకుతుంది. వెనక ఇంకో మేక ఉంటే దూకలేదు. మేకలు గెలిచేదల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడి పులికి కదలడానికి చోటు లేకుండా చేసినప్పుడే. ఒంటరిగా ముందుకు వెళ్ళకు, వెనక ఎవరున్నారో చూసుకో అని మా తాత ఆ ఆటలో చెప్పిన మాటనే పీజీలో మా జట్టుకు నిర్ణయాలు చెప్పే కుర్రాడు హెడ్‌సెట్‌లో చెప్పాడు.

ఈ విద్యకు ఇప్పుడు గుర్తింపు కూడా వచ్చింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మన డోటా 2 జట్టు న్యూజిలాండ్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాల్సినదిగా, డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాల్సినదిగా విడదీసింది. తల్లిదండ్రులు ఈ తేడా తెలుసుకోవాలని నా కోరిక. పందెం కాసే పిల్లాడినీ జట్టు కోసం వార్డ్ పెట్టే పిల్లాడినీ ఒకే గాటన కట్టకండి. ఆడేవాళ్ళకూ ఒక మాట. ఒక ఆటకు ముప్పావు గంట పడుతుంది. తెల్లవారే దాకా ఆడిన జట్టుకు లెక్కా ఉండదు, ఓపికా ఉండదు. రోషన్‌ను ఎప్పుడు వదిలేయాలో తెలిసినవాళ్ళకు కంప్యూటర్ ఎప్పుడు కట్టేయాలో కూడా తెలియాలి.

మా పీజీ గుంపు చెదిరిపోయి చాలా కాలమైంది. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు చెన్నైలో, తమ్ముడి పెళ్ళికని పట్నా వెళ్ళినవాడు అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. నెలలో ఒక ఆదివారం మాత్రం కలుస్తాం. ఈ మధ్య ఒక ఆటలో 30 నిమిషాలు దాటగానే హెడ్‌సెట్‌లో అదే పాత గొంతు వినబడింది: "మామా, వార్డ్ ఎవరి దగ్గరుంది?"

"ఎప్పుడో పెట్టేశాను," అన్నాను. మినీమ్యాప్‌లో గుహ ముందు చీకటి విడిపోయి ఉంది.