ఇసుక పోయిన ఊరు, నీళ్లు వచ్చిన ఊరు

సోమశిల ఫొటో కింద 'తెలంగాణ మాల్దీవులు' అని రాస్తే నాకు మనసొప్పదు. కొల్లాపూర్ దగ్గరి ఈ కృష్ణ ఒడ్డుకు పోలిక వెతకాలంటే ఐర్లాండ్‌కు పోవాలి. ఆ దేశపు పడమటి అంచున, మేయో కౌంటీలోని అకిల్ దీవిలో, అట్లాంటిక్‌కు ఎదురుగా డూఆ అనే చిన్న పల్లె ఉంది. 1984 తుపాన్లకు అక్కడి బీచ్‌లో ఇసుకంతా కొట్టుకుపోయి బండలు తేలాయి. ఇసుకతో పాటే సెలవులకు వచ్చే జనమూ తగ్గారు, హోటళ్లు మూతబడ్డాయి. 33 ఏళ్ల తర్వాత, 2017 ఏప్రిల్‌లో, పది రోజుల్లోనే సముద్రం మళ్లీ ఇసుక తెచ్చి పోసింది. 2019లో తుపాన్లు దాన్నీ పట్టుకుపోయాయి.

అక్కడ ఒక తరానికి ఒకసారి జరిగింది సోమశిలలో ఏటా జరుగుతుంది. సోమశిల ముందున్న నీళ్లు శ్రీశైలం జలాశయానివే, దాని పూర్తి మట్టం 885 అడుగులు. వానకాలం వరదకు నీళ్లు ఎక్కివస్తాయి, ఎండాకాలం దిగిపోతే ఒండ్రు నేల తేలుతుంది. అవతలి ఒడ్డు సంగమేశ్వరం గుడి నెలల తరబడి మునిగే ఉంటుంది. నీళ్లు తగ్గే రోజుల్లో పూజారి పడవ మీద వచ్చి ముందు శిఖరానికి పూజ చేస్తారు. అన్నేళ్లు పోయిన ఇసుక కోసం చూసిన డూఆ ముసలివాళ్లకు ఈ పూజ వివరించి చెప్పనక్కర్లేదనిపిస్తుంది.

పోలిక ఇక్కడిదాకే. డూఆను దోచింది గాలివాన, దానిమీద ఫిర్యాదు చేయడానికి ఎవరూ లేరు. మన ఊళ్లను ముంచింది మనం కట్టుకున్న శ్రీశైలం ఆనకట్ట. కొన్ని గుళ్లకు దారి దొరికింది: సోమశిల ఆలయాలను పైకి తెచ్చారు, కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. మనుషులకు దొరికింది 1986 నాటి 98 జీవో, ముంపు కుటుంబానికో ఉద్యోగమన్న మాట. ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే చాలామంది వయసు దాటిపోయారు.

అందుకే చెప్పే తీరులో డూఆది పైచేయి అంటాను. ఆ బీచ్ కథలో ఊరివాళ్లు ఉన్నారు, చిన్ననాడు ఆడుకున్న ఇసుకను తలచుకున్నారు. సోమశిల వీడియోల్లో కొండలు, నీళ్లు, బోటు ఉంటాయి. ముంపు ఊళ్ల పేరొక్కటీ వినిపించదు. 2007 జనవరిలో సింగోటం జాతరకు బయల్దేరిన పడవ ఈ నదిలోనే మునిగి అరవై మంది దాకా పోయారన్న సంగతీ ఉండదు. అంత జరిగినా, సోమశిలకు, అవతలి ఒడ్డు సిద్ధేశ్వరానికి మధ్య తీగల వంతెనకు కేంద్రం ఒప్పుకున్నది 2022లోనే.

సోమశిలకు పోండి, తప్పకుండా పోండి. లైఫ్ జాకెట్ కట్టుకోండి, చేపల కూర తినండి. బోటు నడిపే అన్నను ఒక్క మాట అడగండి: ''అన్నా, ఈ నీళ్ల కింద ఏ ఊరుండె?''