రంగుగుళికల ఆటలో పాదవిన్యాసము

పెయింట్‌బాల్ ఆడుటకు తొలిసారి మైదానమునకు వచ్చు యువకులు తమ చేతికిచ్చిన తుపాకి ఎంత వేగముగ పేలునో, ఎన్ని గుళికలు పట్టునో యని ఆతురతతో విచారింతురే గాని, తమ కాళ్లను గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగకుండుట నాకు చిరకాలముగ ఖేదము కలిగించుచున్నది. ఈ క్రీడలో హస్తముకంటె పాదమే ప్రధానమని నా దృఢవిశ్వాసము.

అందులకు కారణము గుళిక స్వభావముననే కలదు. జెలటిన్ పొరలో రంగు నింపిన ఆ గుళిక వ్యాసము 0.68 అంగుళములు, అది సెకనుకు సుమారు 300 అడుగులకు మించిన వేగముతో వెడలరాదని మైదానములలో సాధారణ నియమము. తేలిక వస్తువగుటచే గాలి దానిని వెంటనే మందగింపజేయును గనుక, నూరడుగుల దూరము చేరుటకు దానికి సెకనులో మూడవవంతుకు పైగా పట్టును. అంతలో అడ్డముగ పరుగెత్తువాడు రెండు గజములైనను దాటిపోవును. కావున కాల్చువాడు మనుష్యుని విడిచి, అతడు చేరబోవు శూన్యస్థలమునకు గురి పెట్టవలసివచ్చును. ఆ పరుగెత్తువాడే నేరుగ శత్రువు మీదికి వచ్చెనా, ఎంత వేగముగ వచ్చినను, గురికి సంబంధించినంతవరకు నిలిచియున్నవానితో సమానుడే.

అడ్డముగ పోవుట మంచిదన్నంత మాత్రమున గమ్యము లేక పరుగెత్తుట మంచిది కాదు. తాను దాగిన చోటు విడువకముందే తరువాతి చాటును కంటితో ఎన్నుకొని, అచ్చట ఏ ప్రక్కకు ఒదుగవలయునో నిశ్చయించుకొన్న పిమ్మటనే అడుగు కదపవలెను. కూతకు పోయిన చెడుగుడు ఆటగాడు ఎదుటివారి కాళ్ల బరువు ఎటు మొగ్గుచున్నదో కనిపెట్టి గదా ముందుకు దూకును! ఇచ్చటను అంతే, ప్రత్యర్థి తల లోనికి తీసిన క్షణమో, గుళికలు నింపుకొను క్షణమో మనది. సహచరుడు కాల్చి వానిని అణచియుంచగా మనము కదలుట, పిదప మనము కాల్చుచుండగా అతడు కదలుట ఇద్దరాడు పద్ధతులలోకెల్ల ఉత్తమము.

చాటున నిలుచుటయు నొక విద్యయే. మోచేతులు దేహమునకు హత్తుకొని, పాదములు కదలింపక, నడుమును మాత్రము వంచి తొంగిచూచి, ఒకటి రెండు గుళికలు విడిచి వెంటనే లోనికి రావలెను. ఒకేచోట రెండుమారులు తల చూపినవానికొరకు మూడవమారు గురి సిద్ధముగ నుండును. కుడిప్రక్కనుండి కాల్చునపుడు కుడిచేతితోను, ఎడమప్రక్కనుండి కాల్చునపుడు ఎడమచేతితోను తుపాకి పట్టనిచో దేహము సగము బయటపడును. ఈ చేతిమార్పు నాకు సులభముగ అలవడలేదు. ఇంట నిలువుటద్దము నెదుట, గుళికలు లేని తుపాకితో, నా భుజమెంత బయటికి కనబడుచున్నదో చూచుకొనుచు అభ్యసించితిని. అద్దమంతటి నిష్పక్షపాతియైన గురువు ఈ ఆటకు వేరొకరు లేరు.

అరణ్యములో ఆడునపుడు వేగముకంటె మౌనము విలువైనది. పాదము వెలుపలి అంచును ముందు నేలకాన్చి, ఎండుపుల్ల లేదని తెలిసిన పిదప మెల్లగ బరువు మోపవలెను. ఇతరుల కాల్పుల సందడియే మన నడకకు అనువైన సమయము. ఈ క్రీడకు ఆదియైన పోటీయే ఇందుకు సాక్ష్యము. పల్లెయడవుల ననుభవమున్నవాడు నెగ్గునా, నగరవాసి యుక్తి నెగ్గునా యని రచయిత చార్లెస్ గెయిన్స్‌కును, షేర్ల వ్యాపారియైన ఆయన మిత్రుడు హేయిస్ నోయెల్‌కును పుట్టిన వాదమును తేల్చుటకై, 1981 జూన్ 27న, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి హెన్నికర్ అడవిలో 12 మంది, చెట్లకును పశువులకును రంగుగుర్తు వేయుటకై నిర్మించిన నెల్‌స్పాట్ పిస్తోళ్లు చేపట్టి, ఎవరికి వారే యెల్లరకును ప్రత్యర్థులై, జెండాలు సేకరింప బయలుదేరిరి. గెలిచినవాడు రిచీ వైట్ అను అటవీవృత్తికారుడు. అతడు ఆసాంతము ఒక్క గుళికయైనను పేల్చలేదు. అతనిని కాల్చినవారును లేరు.

చదువరులలో ఈ ఆటకు పోవు యువకులకు నా మనవి యొక్కటే: ఒక్క ఆటనైనను గుళిక విడువకుండ, కేవలము చాటునుండి చాటునకు కదలుచు ఆడి చూడుడు. అయితే ఎంత ఉక్కపోసినను, అద్దములెంత మసకబారినను, మైదానము దాటి వెలుపలికి వచ్చువరకు ముఖకవచమును మాత్రము తీయకుడు. ఆ గుళిక కంటికి తగిలినచో చూపే పోవచ్చును.