నార కలిపిన సిమెంటు: మన్నికకు కొలత ఏది?

నడికుడి పరిసరాల పల్నాటి సున్నపురాయి సిమెంటు పరిశ్రమకు ఆధారం. ఆ సిమెంటులో గోగునారనో కొబ్బరిపీచునో కలిపితే పగుళ్లు విస్తరించవన్న వాదన సరైనదే. 28 రోజుల బలాన్ని చూసి మన్నికను నిర్ణయించడం మాత్రం తొందరపాటు. సిమెంటు రంధ్రాల్లోని నీటి క్షారత (పీహెచ్ 12కు పైనే) నారలోని లిగ్నిన్‌ను, హెమిసెల్యులోజును క్రమంగా విచ్ఛిన్నం చేస్తుంది. గోగుకట్టలను నీటిలో నానవేసి నార తీసే రైతుకు ఈ తరహా విచ్ఛేదనం తెలియనిది కాదు. అక్కడ అతడు సమయం చూసి కట్టలు పైకి తీస్తాడు, గోడలో ఆపేవారుండరు. పైగా తడిసి ఆరే కొద్దీ సున్నం నార బోలులో పేరుకొని దాన్ని పెళుసు చేస్తుంది. నారకు పూత పూసి ఊరుకోవడం సగం పరిష్కారమే. సిమెంటులో కొంతభాగానికి బదులు థర్మల్ కేంద్రాల బూడిదను తగినంత వాడితే మిగిలే సున్నం తగ్గుతుంది. అయితే బూడిద సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది. 28వ రోజు పట్టికలో అది వెనుకబడినట్లే కనిపించవచ్చు.