గుండెల మీద దయ్యం: ఒక చిత్రం చెప్పిన నిజం, దాచిన నిజం

అర్ధరాత్రి మెలకువ వస్తుంది. కళ్ళు తెరుచుకున్నాయి, గది కనిపిస్తోంది. కానీ కాలూ చేయీ కదలవు. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు బరువు. అరుద్దామంటే గొంతు పెగలదు. కాసేపటికి అంతా దానంతట అదే సర్దుకుంటుంది. మీకెప్పుడైనా ఇలా జరిగిందా? జరిగి ఉంటే, తెల్లవారాక ఇంట్లో చెప్పినప్పుడు రెండు రకాల సలహాలు వినే ఉంటారు. దయ్యం పట్టింది, తాయెత్తు కట్టించాలని ఒకరంటారు. గదిలో గాలి ఆడటం లేదు, మంచం అటు మార్చమని మరొకరంటారు. సరిగ్గా ఈ అనుభవాన్నే ఒక చిత్రకారుడు 1781లో గీశాడు. ఆ చిత్రాన్ని విజ్ఞానశాస్త్రం వైపు నుంచి ఒకసారి సమీక్షిద్దాం.

చిత్రం పేరు 'పీడకల'. గీసినవాడు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన హెన్రీ ఫ్యూజెలీ. 1782లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించినప్పుడు ఇది పెద్ద సంచలనం కలిగించింది. ఇప్పుడు అమెరికాలో డెట్రాయిట్ నగరపు కళాప్రదర్శనశాలలో ఉంది. తెల్లని దుస్తుల్లో ఒక యువతి మంచం మీద వెల్లకిలా పడి ఉంది. తల, చేతులు మంచం అంచు దాటి కిందికి వేలాడుతున్నాయి. ఆమె ఒంటి మీద వికృతమైన మరుగుజ్జు ఆకారం ఒకటి గొంతుక్కూర్చుని మనవైపే చూస్తోంది. వెనక తెరల మధ్య నుంచి గుడ్లు తేలేసిన గుర్రం తల తొంగిచూస్తోంది.

గుర్రం ఎందుకు? పీడకలకు ఇంగ్లీషువారు వాడే మాట 'నైట్‌మేర్'. అందులోని 'మేర్' ప్రాచీన జర్మానిక్ జాతుల నమ్మకంలో నిద్రపోయేవారి ఛాతీ మీద కూర్చునే దుష్టశక్తి పేరు. ఇప్పటి ఇంగ్లీషులో అదే ధ్వనితో ఆడగుర్రం అనే అర్థం కూడా ఉంది. చిత్రకారుడు రెండర్థాలనూ ఒకే మంచం దగ్గరికి చేర్చాడని విమర్శకులు అంటారు. మన మాటనూ గమనించండి. 'పీడ' అంటే బాధ; దాని ధాతువుకు నొక్కడం, ఒత్తడం అనే అర్థాలున్నాయి. భౌతికశాస్త్రంలో మీరు చదివే 'పీడనం' కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. అక్కడి మాటలోనూ ఇక్కడి మాటలోనూ ఛాతీ మీది ఒత్తిడి జాడ ఉందంటే, ఈ అనుభవం ఒక దేశానికి పరిమితం కాదన్నమాట.

ఇక చిత్రంలోని నిజం సంగతి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్మన్ అనే శాస్త్రజ్ఞులు నిద్రలో ఒక ప్రత్యేక దశను వర్ణించారు. అందులో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. దాన్నే రెమ్ నిద్ర అంటారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఆ సమయంలో మెదడు కాండం నుంచి వెళ్ళే సంకేతాలు కాళ్ళు, చేతుల కండరాలను పనిచేయకుండా ఆపుతాయి. లేకపోతే కలలో పరుగెత్తినవాడు మంచం మీద నుంచీ పరుగెత్తేవాడు. ఒక్కొక్కసారి మెదడు మేలుకున్నా ఈ తాళం వెంటనే ఊడదు. దీన్ని నిద్రా పక్షవాతం అంటారు. పేరు చూసి భయపడకండి, మామూలు పక్షవాతానికీ దీనికీ సంబంధం లేదు. ఉదరవితానం పనిచేస్తూనే ఉంటుంది కనుక శ్వాస ఆగదు. కానీ మన ఇష్టప్రకారం గట్టిగా ఊపిరి పీల్చుకోలేం. ఆ ఇబ్బందినే భయపడిన మెదడు ఛాతీ మీది బరువుగా అర్థం చేసుకుంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువని చాలామంది చెబుతారు. ఫ్యూజెలీకి రెమ్ నిద్ర సంగతి తెలియదు. అయినా వెల్లకిలా భంగిమ, వాలిపోయిన చేతులు, ఛాతీ మీది బరువు మూడూ సరిగ్గా పట్టుకున్నాడు. ఈ పరిశీలనకు ఆయన్ను మెచ్చుకోవాలి.

అయితే చిత్రంలో రెండు లోపాలున్నాయి. మొదటిది, వేర్వేరు స్థితులను ఒకటిగా కలపడం. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి, అంటే కల కంటోంది. కానీ ఛాతీ మీది దయ్యం నిద్రా పక్షవాతపు లక్షణం, అది మెలకువలో కలిగే అనుభవం. పీడకల రెమ్ నిద్రలో వచ్చి మనల్ని లేపుతుంది. లేచాక ఒళ్ళు కదులుతుంది, కథ గుర్తుంటుంది. రాత్రి గడిచేకొద్దీ రెమ్ దశలు పొడవవుతాయి కనుక పీడకలలు ఎక్కువగా తెల్లవారుజామునే వస్తాయి. తెల్లవారుజాము కల నిజమవుతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. ఆ వేళ కలలు ఎక్కువ, వెంటనే లేస్తాం కనుక అవి గుర్తుండటమూ ఎక్కువ. అంతకుమించి వాటికి మహిమ లేదు.

రెండో లోపం ఇంకా పెద్దది. ఆ దయ్యం కనిపించవలసింది పడుకున్న మనిషికి ఒక్కదానికే. చిత్రకారుడు దాన్ని చూసే మనందరికీ చూపించాడు. అందువల్ల అది మంచంలాగా, తెరలాగా గదిలోని ఒక వస్తువైపోయింది. భయానికి కారణం గదిలోనే ఉందని మన మనసు తేల్చేస్తుంది. తాయెత్తు కట్టేవారూ, మంచం దిశ మార్చేవారూ చేస్తున్నది ఇదే పొరపాటు.

అలాగని గదికి ఏ పాత్రా లేదనకూడదు. 1958లో డిమెంట్, వోల్పర్ట్ రెమ్ నిద్రలో ఉన్నవారి మీద చల్లని నీళ్ళు చిలకరించారు, దీపం వెలిగించారు, ధ్వని వినిపించారు. తర్వాత లేపి కలలు అడిగారు. నీళ్ళు 42 శాతం సందర్భాల్లో ఏదో రూపంలో కలలోకి వచ్చాయి. వెలుగు 23 శాతం, ధ్వని 9 శాతం మాత్రమే వచ్చాయి. 2009లో జర్మనీలో ష్రెడ్ల్ బృందం 15 మంది స్త్రీలకు నిద్రలో కుళ్ళిన గుడ్ల వాసన, గులాబీ వంటి వాసన చూపించింది. ఆ వాసనలు కలల్లోకి నేరుగా రావడం అరుదు. కానీ దుర్వాసన ఉన్నప్పుడు కలల్లోని భావాలు ప్రతికూలంగానూ, సువాసన ఉన్నప్పుడు అనుకూలంగానూ మారాయి. ఉక్క, చప్పుడు, వెలుగు నిద్రను మాటిమాటికీ చెదరగొడతాయి. కల మధ్యలో మెలకువ వస్తే ఆ కల గుర్తుండిపోతుంది. మే నెల రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు పీడకలలు పెరిగినట్టు అనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు. మొత్తం మీద గది కలకు రంగు పూయగలదు, మధ్యలో లేపగలదు. కానీ భయాన్ని పుట్టించేది ఎక్కువగా మన పగలే: ఆందోళన, పరీక్షల ఒత్తిడి, నిద్రలేమి, అనుభవించిన దెబ్బ, జ్వరం, కొన్ని మందులు.

ఈ తేడా తెలియడం వల్ల లాభమేమిటంటారా? చికిత్స దాని మీదే ఆధారపడి ఉంది. 2001లో అమెరికాలో క్రాకోవ్ బృందం, లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది స్త్రీలతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. పగలు, మెలకువగా ఉన్నప్పుడు పీడకలను తమకు నచ్చినట్టు మార్చుకుని, ఆ కొత్త కలను రోజూ మనసులో ఊహించుకోవడమే చికిత్స. అది పొందినవారికి పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. చికిత్స జరిగింది గదికి కాదు, కలకు.

విద్యార్థులకు ఈ విషయం మరీ ముఖ్యం. 2011లో 35 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, జీవితంలో ఒక్కసారైనా నిద్రా పక్షవాతం ఎదురైనవారు సామాన్య ప్రజల్లో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం ఉన్నట్టు తేలింది. అంటే హాస్టల్‌లో నలుగురుండే గదిలో సగటున ఒకరికైనా ఈ అనుభవం ఉండవచ్చు. పిచ్చి అంటారనో, దయ్యం పట్టిందంటారనో వారు నోరు విప్పరు. రాత్రంతా మేలుకుని చదివితే నిద్ర వేళలు చెదిరి, బాధ ఇంకా పెరుగుతుంది.

కనుక గదిని తప్పక బాగుచేసుకోండి. దీపం ఆర్పండి, గాలి ఆడనివ్వండి, సెల్‌ఫోను దూరంగా పెట్టండి, రోజూ ఒకే వేళకు పడుకోండి, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి. ఒళ్ళు కదలని క్షణం వస్తే కంగారుపడకుండా ఒక్క వేలు కదపడానికి ప్రయత్నించండి. అది కాసేపట్లో పోయేదేనని గుర్తుంచుకోండి. ఇంత చేసినా పీడకలలు వారం వారం వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, ఏదైనా చెడు అనుభవం పదేపదే కలలోకి వస్తున్నా నమ్మకమైన పెద్దవారికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ స్నేహితుడు చెబితే నవ్వకుండా వినండి.

ఫ్యూజెలీ చిత్రాన్ని పుస్తకంలోనో తెర మీదో చూసే అవకాశం వస్తే తప్పక చూడండి. ఆ భయం నిజం, ఛాతీ మీది బరువు నిజం. ఆ మరుగుజ్జు ఒక్కడే అబద్ధం. వాడు గదిలో లేడు కనుక గదిలో ఎంత వెతికినా దొరకడు.