కొలతల్లో చెంచు మనిషి

సంక్రాంతి వెళ్లగానే అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలవడానికే ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడని జనం నమ్మకం. ఆ పెళ్లికథను మనవాళ్లు యక్షగానంగా ఆడారు. 1943లోనూ 1958లోనూ సినిమాగా తీశారు. అన్నిటా చెంచు స్త్రీ అందగత్తె, చెంచు పురుషుడు విలుకాడు. చూపులేని చెంచుగానీ, కాలు ఈడ్చే చెంచుగానీ నేను చదివిన ఏ రచనలోనూ పాత్ర కాలేదు. ఇది రచయితల మరుపు మాత్రమే అనుకోను.

పురాణ శృంగారం ఒక చూపునిచ్చింది. రెండో చూపు వలసపాలన ఇచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల, తెగల మనుషుల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసే అధికారం సర్కారు చేతిలో పెట్టింది. ఏరుకు తినడానికి అనుమతి కావలసివచ్చింది. చెంచు కూపుల్లో కూలీ అయ్యాడు. కూలీకి నిండు మోపెత్తే శరీరం కావాలి. ఎత్తలేనివాడు ‘పనికిరానివాడు’ కావడం ఇక్కడే బలపడిందని నా వాదన.

తేనెపట్టు కోసం కొండచరియ దిగేవాడి తాడును బావమరిది కాస్తాడంటారు. (తోడబుట్టినవాణ్ణి నమ్మరట; అక్క కాపురం గురించిన బెంగ బావమరిదికే ఉంటుంది!) దిగేవాడొకడు, కాసేవాడొకడు. ఆ పనిలో ప్రతివాడూ చరియ దిగనక్కర్లేదు. అయితే ఆ బతుకంతా స్వర్గమని రాస్తే అదీ అబద్ధమే. కరువులో ముందు నలిగేది బలహీనుడే.

మన అభ్యుదయ కథ మాత్రం ఏం చేసింది? కుంటివాణ్ణి దోపిడీకి ప్రతీకను చేసింది. ప్రతీకకు ఆకలీ అలకా ఉండవు.

మా బడిలో ఒక చెంచు పిల్లవాడున్నాడు. ఒక కాలు సన్నం. వైకల్య పరీక్షకు నంద్యాలకు నేనే తీసుకెళ్లాను. 2016 చట్టంలో ముఖ్యమైన సౌకర్యాలకు 40 శాతం గీటు. వాడికి అంతకు తక్కువే వచ్చింది. సర్టిఫికెట్టు వద్దని నేననను, పింఛను హక్కు. కానీ ఆ శాతంలో వాడు రోజూ దిగే గుట్ట లేదు. గూడెంలో వాడి అవ్వ వాణ్ణి అవిటివాడనగా నేనెన్నడూ వినలేదు. మేకల్ని వాడి మీదే వదులుతుంది.

తిరుగుబస్సులో వాడు కాగితం చాలాసేపు చూసి అడిగాడు: “సార్, నేను కుంటోణ్ణి కాదని రాసిచ్చినారా?”

ఆళ్లగడ్డ వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.